వెనక్కి బటను

ఉతికి ఆరవేసి తెచ్చిన చొక్కాల కట్టలోంచి ఒకటి లాగి, మేనేజరు దాన్ని ఇస్త్రీ బల్ల దగ్గరున్న మనిషికి తొడిగించాడు. ఇస్త్రీ మనిషి బొత్తాలు పెట్టుకుని రెండు చేతులూ ముందుకు చాచాడు. చొక్కా చెయ్యి మణికట్టుదాకా రాలేదు.

"వాడివి పొడుగు చేతులు సార్," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"అయితే నువ్వు తొడుక్కో," అన్నాడు మేనేజరు. అన్నవాడు నోరు జారినందుకు తిట్టుకుంటూ తొడుక్కున్నాడు. అతని చేతులు అందరి చేతుల్లాంటివే. చొక్కా చెయ్యి మాత్రం ఇందాక ఆగినచోటే ఆగింది.

"తొందరగా కానివ్వండి" అన్న మాట లేకుండా ఈ మేనేజరు నోట వాక్యం పూర్తికాదు. అందుకని చాటున అందరూ ఆయన్ని తొందరయ్య అంటారు. ఆ పూట మాత్రం తొందరయ్య తొందరపడలేదు. ఒక్కో చొక్కా తీసి, చెయ్యి మీద టేపు పెట్టి చూసి, పక్కన పడేస్తూ పోయాడు. పడేసిన గుట్ట పెరిగేకొద్దీ చుట్టూ మూగినవాళ్ళు ఒక్కొక్కరే తమ మిషన్ల దగ్గరికి జారుకున్నారు. తప్పు ఎవరి నెత్తిన పడుతుందో తేలేదాకా ఎడంగా ఉండటం మంచిదని ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నమూనాల గదిలో ఉండేది ఇద్దరే. ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు. పెద్దకోడలు చొక్కా ముక్కల నమూనాలు కంప్యూటరులో గీస్తుంది: వీపు, ముందు భాగాలు, కాలరు, చేతులు. ఆవిడ గీసింది పొడుగాటి కాగితం మీద అచ్చయి కటింగుకి వెళ్తుంది. అక్కడ దొంతరగా పరిచిన గుడ్డ మీద ఆ కాగితం వేసి, దాని గీత వెంటే మిషను నడుపుతారు. చిన్నకోడలు ఆ నమూనాల ఫైళ్ళు చూసుకుంటుంది, వాటిని సర్దడానికీ వెతకడానికీ ప్రోగ్రాములు రాస్తుంది. ఆమెని తెచ్చి ఇక్కడ చేర్పించింది పెద్దకోడలే. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇంట్లో పేర్లే ఫ్యాక్టరీకీ నడిచొచ్చాయి కాబట్టి అక్కడా అందరికీ వాళ్ళు పెద్దకోడలూ చిన్నకోడలూ. తోడికోడళ్ళు ఒక గదిలో రోజంతా జుట్లు పట్టుకోకుండా ఎలా ఉంటారని మొదట్లో పందాలు కాసినవాళ్ళున్నారు. పాపం, ఓడిపోయారు.

తొందరయ్య చొక్కా చేత్తో పట్టుకుని ఆ గదిలోకి వచ్చాడు.

"ఈ గుడ్డ ఉతికితే ముడుచుకుంటుందని చెప్పాను కదమ్మా. చెయ్యి అంగుళం పెంచమన్నాను కదా."

"పెంచాను సార్," అంది పెద్దకోడలు, తల తిప్పకుండానే. చేస్తున్న కాలరు పని సగంలో ఉంది.

"ఏదీ, చూపించండి."

ఆవిడ కాలరు పక్కకి పెట్టి చెయ్యి ఫైలు తెరిచింది. తెర మీద చొక్కా చెయ్యి గీత పరుచుకుంది. మూలనున్న పొడుగు అంకె చూసి ఆవిడ మౌసు మీద వేళ్ళు ఆగిపోయాయి. ఫైలు మూసి మళ్ళీ తెరిచింది. అదే అంకె. పాతదే.

"పెంచానే," అంది ఈసారి కాస్త మెల్లిగా. "చంక దగ్గర వంపు కూడా సరిచేశాను."

తొందరయ్య చిన్నకోడలి వైపు తిరిగాడు. "ఈ ఫైలు ఎవరైనా ఎప్పుడు మార్చారో తెలుస్తుందా?"

"తెలుస్తుంది సార్." ఆమె లేచి వచ్చి, తోడికోడలి భుజం మీదుగా వంగి, రెండు మీటలు నొక్కింది. ఫైలు మీదున్న తేదీ ఈ ఆర్డరు రాకముందుది. "అక్కా, దీన్ని ఈమధ్య ఎవరూ ముట్టుకోలేదు. సేవ్ చేయడం మర్చిపోయావేమో," అంది. మెత్తగానే అంది. మంచి మనసుతోనే అంది.

పెద్దకోడలు తెర వంక చూసింది, తర్వాత తన వేళ్ళ వంక చూసుకుంది.

"మర్చిపోయానేమో," అంది.

తొందరయ్య కేకలు వేసి ఉంటే బాగుండేది. కేకలకి ఫ్యాక్టరీలో అందరూ అలవాటు పడ్డవాళ్ళే. ఆయన కేకలు వెయ్యలేదు. గొంతు తగ్గించి, "పోన్లెండి, వయసుతో వస్తుంటాయి ఇలాంటివి. కొన్నాళ్ళు దారాల బల్ల దగ్గర కూర్చోండి. అక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ ఉండదు," అన్నాడు.

*

ఇంట్లో ఈ సంగతి పెద్దకోడలే చెప్పింది. దాచిపెట్టే మనిషి కాదు. అందరూ భోజనాలకి కూర్చున్నాక, వడ్డిస్తూ వడ్డిస్తూ, బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పేసింది.

"అయితే మొన్న నా కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టింది నువ్వేనన్నమాట!" అన్నాడు ఆవిడ భర్త. అందరూ నవ్వారు. పెద్దకోడలూ నవ్వింది. కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టింది ఆయనే అన్న సంగతి ఆ పూట ఎవరికీ గుర్తురాలేదు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఒకసారి గుమ్మంలో అడుగుపెట్టిందంటే అది ఇల్లంతా తిరుగుతుంది. కారుతూ వదిలేసిన కొళాయి ఎవరి పనో, పోయిన గొడుగు ఎవరు పోగొట్టారో, బాకీ ఉన్న లెక్కలన్నీ ఆ సాయంత్రం పెద్దకోడలి ఖాతాలో పడ్డాయి. అత్తగారు చెయ్యి కడుక్కుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "గ్యాసు కట్టేశావుటమ్మా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట. పెద్దకోడలు వెళ్ళి చూసి వచ్చింది. కట్టేసే ఉంది.

గిన్నెలు ఇద్దరూ కలిసి తోముకుంటారు. పెద్దకోడలు తోముతుంటే చిన్నకోడలు కడిగి బోర్లిస్తుంది. ఆ రోజు పెద్దకోడలు తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉండిపోయింది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైందే. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఆఖరికి నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అనేది."

"ఒక్క ఫైలు మర్చిపోతే అంతదాకా పోతావేమిటక్కా? అందరం మర్చిపోతాం."

"మర్చిపోతే భయం లేదే. నాకు గుర్తుంది, అదీ భయం." పెద్దకోడలు గిన్నె కింద పెట్టింది. "చంక వంపు దగ్గర మౌసు జారింది. ఛీ అనుకుని మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ జారింది. మూడోసారికి కుదిరింది. ఇదంతా నాకు కళ్ళకి కట్టినట్టు ఉంది. గీయనే గీయలేదంటున్నారు కదా, మరి ఇదంతా నా బుర్రలోకి ఎక్కడినుంచి వచ్చింది?"

చిన్నకోడలు ఆ గిన్నె తీసుకుని కడిగింది. ఆమెకి తోడికోడలంటే ప్రేమే. కానీ ఫైలు మీద తేదీ అబద్ధం చెప్పదు. మనిషి గుర్తుకంటే మిషను గుర్తు గట్టిదని నమ్మి బతికే వృత్తి ఆమెది. అక్క అలిసిపోయిందని అనుకుంది, జాలిపడింది. ఆ జాలితోనే నిద్రపోయింది కూడా.

*

దారాల బల్ల నమూనాల గది అద్దంలోంచి కనిపిస్తుంది. కుట్టుపని పూర్తయిన చొక్కాలకి అక్కడక్కడ వేలాడే దారపు కొసల్ని చిన్న కత్తెరతో కత్తిరించడం అక్కడి పని. ఆడవాళ్ళు బల్లకి రెండు వైపులా కూర్చుంటారు. చొక్కా తిరగేయడం, కత్తిరించడం, మడిచి తోయడం. పెద్దకోడలు చివర కూర్చుంది. ప్రతి చొక్కానీ కత్తిరించాక ఇంకోసారి తిరగేసి చూస్తోంది. పక్కామె మూడు తోసేసరికి ఈవిడది ఒకటి కూడా కదలడంలేదు. అంత చురుకైన మనిషి అలా తడుముకోవడం చూడలేక చిన్నకోడలు తెర వైపు తిరిగింది.

అక్కడా విశ్రాంతేమీ లేదు. రేపు యజమాని వస్తున్నాడు, ఆమె రాసిన సర్దుడు ప్రోగ్రాము చూడటానికి. నచ్చితే ఆయన రెండో ఫ్యాక్టరీలోనూ పెట్టిస్తాడట, ఆమెని పర్మనెంటు చేస్తాడట. తొందరయ్య పొద్దున్నించి గదిలోకి నాలుగు అడుగులు వేస్తూ, తొందరగా కానివ్వమ్మా అంటూ, నాలుగు అడుగులు బయటికి వేస్తూ ఉన్నాడు. చిన్నకోడలి భర్త పనిచేసే దుకాణం మూతపడింది, ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. ఈ పర్మనెంటు మాట ఆ ఇంట్లో ఎంత బరువైనదో వేరే చెప్పాలా?

ప్రోగ్రాముకి రెండే బటన్లు. ఒకటి 'సర్దు', రెండోది 'వెనక్కి'. ఫోల్డరు పేరు చెప్పి సర్దు నొక్కితే, ఆ ఫోల్డరూ దానిలోని ఫైళ్ళూ పాత డిస్కులోంచి కొత్త డిస్కులోకి వెళ్తాయి. డిస్కులు రెండూ వేరు కాబట్టి, వెళ్ళడమంటే నిజానికి అక్కడ ఇంకో ప్రతి తయారవడమే. అది సరిగ్గా తయారైందని తేలాక ఇక్కడి అసలుదాన్ని తీసేయాలి. చిన్నకోడలు జాగ్రత్త మనిషి కాబట్టి తీసి పారేయకుండా ఎవరికీ కనపడని ఇంకో ఫోల్డరులోకి ఎక్కించి, దానికి 'అటక' అని పేరు పెట్టింది. సర్దింది నచ్చకపోతే వెనక్కి నొక్కాలి. అటక మీదున్న అసలుది దిగివచ్చి తన చోట కూర్చుంటుంది, కొత్త డిస్కులోని ప్రతి చెరిగిపోతుంది. ఇల్లు సర్దిన ఆడవాళ్ళెవరికైనా అర్థమయ్యే పద్ధతే.

ఈ రెండో బటనంటే తొందరయ్యకి ప్రాణం. ప్రోగ్రాము వాడిన మొదటి రోజునే పొద్దున నమూనాలన్నీ కొత్త డిస్కుకి సర్దించాడు. మధ్యాహ్నానికల్లా కటింగువాళ్ళు ఏ ఫైలు ఎక్కడుందో తెలియక గోల పెట్టారు. "మళ్ళీ పాతలాగే పెట్టెయ్యమ్మా, తొందరగా," అన్నాడు. ఆమె నొక్కింది. కన్నుమూసి తెరిచేలోగా అన్నీ పాత చోట్లలో ఉన్నాయి. "ఇదీ పనంటే! ఏమీ జరగనట్టే ఉంది," అని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆమె ఒక ఉత్తుత్తి ఫోల్డరుతో అదే పరీక్ష చేస్తోంది. సర్దు, వెనక్కి. సర్దు, వెనక్కి. పొద్దున్నించి అదే పని, గానుగెద్దు తిరుగుడులాగా. సర్దు నొక్కిన తర్వాత ఫోను మోగింది. అత్తగారు.

"పెద్దది అక్కడికి క్షేమంగానే వచ్చిందా?"

"ఇద్దరం కలిసే వచ్చాం కదత్తయ్యా."

"ఏమోనమ్మా, నా మనసు మనసులో లేదు. డాక్టరు దగ్గర పేరు రాయించమని పెద్దాడికి చెప్పాను. దానికి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది. నువ్వు మాత్రం ఓ కన్నేసి ఉంచు."

అత్తగారు మాట్లాడుతున్నంతసేపూ చిన్నకోడలి చెయ్యి ఊరికే ఉండలేక మౌసుతో, కొత్త డిస్కుకి వెళ్ళి తెర మీదున్న ఫైలులో పిచ్చిగీతలు గీసింది. గీసినదాన్ని అలవాటుకొద్దీ సేవ్ చేసింది. ఫోను పెట్టేసి, ఆపిన పని గుర్తొచ్చి, వెనక్కి నొక్కింది. ఫోల్డరు బుద్ధిగా పాత చోటికి వచ్చింది. ఫైలు తెరిచింది.

పిచ్చిగీతలు లేవు.

ఆమె కొత్త డిస్కులో చూసింది. అక్కడి ప్రతి అప్పటికే చెరిగిపోయింది. అటక మీద చూసింది. ఖాళీ. ఫైలు మీద తేదీ చూసింది. పాత తేదీ, పిచ్చిగీతలు పుట్టకముందుది. ఈ ఫైలుని ఈమధ్య ఎవరూ ముట్టుకోలేదని ఎవరైనా ఒట్టేసి చెప్పొచ్చు.

అటక మీదినుంచి దిగేది మొదట ఎక్కించిన వస్తువే. మధ్యలో కొత్త చోట ఎవరైనా ఏమైనా మార్చి ఉంటారన్న ఆలోచన ఆ ప్రోగ్రాముకి లేదు. ప్రోగ్రాముకి లేదంటే రాసినామెకి లేదని. ప్రతిసారీ సర్దు నొక్కిన వెంటనే వెనక్కి నొక్కి పరీక్షించుకుంది. మధ్యలో మనుషులు పనిచేసుకుంటారని ఒక్కసారీ తోచలేదు. తొందరయ్య పాతలాగే పెట్టెయ్యమన్న రోజు, పొద్దుటికీ మధ్యాహ్నానికీ నడుమ, ఈ పక్క కుర్చీలో పెద్దకోడలు కూర్చుని చొక్కా చెయ్యి పెంచింది. మౌసు జారితే మళ్ళీ పట్టుకుని మరీ పెంచింది. సేవ్ చేసింది. మధ్యాహ్నం చిన్నకోడలు తన చేత్తో దాన్ని చెరిపేసింది. చెరిపేసి, తేదీ చూపించి, మర్చిపోయావేమో అంది.

ఆమెకి అద్దం వైపు చూసే ధైర్యం రాలేదు.

*

తొందరయ్య అంతా విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకీ నిద్రలు లేవు, ఆ చొక్కాల గుట్ట ఆయన నెత్తిన కూడా ఉంది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్. ముందు మీకే."

"మంచి పని చేశావు. సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతోసేపు పట్టదు సార్. వెనక్కి తెచ్చేముందు కొత్త చోట ఏదైనా మారిందేమో పోల్చి చూడాలి. మారితే ఆగిపోయి మనల్ని అడగాలి. అంతే."

"చెయ్యి మరి, తొందరగా. అంతటితో వదిలెయ్."

"మరి మా అక్క సంగతి సార్?"

"చూడమ్మా. రేపు ఆయన వస్తున్నాడు. ఈ ప్రోగ్రాము వల్లే సరుకు పాడైందని తెలిస్తే ప్రోగ్రామూ పోతుంది, నీ పర్మనెంటూ పోతుంది, పెట్టించిన నేనూ పోతాను. వెనక్కి నొక్కమన్నది నేనే కదా. ఆవిడకి ఏం పోయింది? జీతం తగ్గించలేదు. కాస్త సద్దుమణిగాక మళ్ళీ ఆ కుర్చీలో నేనే కూర్చోబెడతాను. అయినా ఆవిడే ఒప్పుకుంది కదా, మర్చిపోయానని!"

చిన్నకోడలు తన కుర్చీలోకి వచ్చి ప్రోగ్రాము సరిచేసింది. పోల్చి చూసే నాలుగు వరుసలు, ఆగి అడిగే రెండు వరుసలు. పిచ్చిగీతలు గీసి చూస్తే ఈసారి వెనక్కి బటను పని ఆపి, ఇది మధ్యలో మారింది, ఏం చేయమంటారు, అని అడిగింది. అంత సులువు. సులువుగా ఉన్నందుకు ఆమెకి ఇంకా కష్టంగా ఉంది. అన్నీ సర్దుకుంటాయిలే అని తనకి తాను చెప్పుకుంది. అలిసిపోయిన మనిషికి ఆ మాటకంటే మెత్తని తలగడ దొరకదు.

సాయంత్రం బయటికి వచ్చాక పెద్దకోడలు స్కూటరు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ స్కూటరు పెద్దకోడలిది. దానిమీద ఇంకొకర్ని చెయ్యి వెయ్యనివ్వదు.

"నువ్వు నడుపు."

"నాకు సరిగ్గా రాదుగా అక్కా."

"రాకపోయినా నీ బుర్ర నీ దగ్గరుంది. నేను నడుపుతూ నడుపుతూ ఎర్రలైటు చూశాననుకుని చూడకపోతే? నేను పోతే పోయాను, వెనక నువ్వుంటావు."

చిన్నకోడలు నడిపింది. ప్రతి మలుపులోనూ బండి వణికింది. పెద్దకోడలు రెండు చేతులతో ఆమె నడుము గట్టిగా పట్టుకుని, ఒక్కసారి కూడా ఇలా తిప్పు, అలా తిప్పు అనలేదు. చెప్పే అర్హత పోయినట్టు నోరు మూసుకుని కూర్చుంది. ఇల్లు చేరేసరికి చిన్నకోడలి వీపంతా చెమట పట్టింది. ఆ సాయంత్రం పెద్దకోడలు పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. కూర దించేముందు పిలుస్తాను, ఉప్పు చూద్దువుగాని, అని చిన్నకోడలు అంటే, "నా నాలికని కూడా నమ్మకు," అని కూరలు తరగడానికి కూర్చుంది.

*

మర్నాడు పొద్దున సగం దారిలో చిన్నకోడలు బండి రోడ్డు పక్కకి తీసి ఆపింది.

"ఏమైందే? పెట్రోలు లేదా?"

"అక్కా, నువ్వు చెయ్యి పెంచావు. సేవ్ కూడా చేశావు. చెరిపింది నా ప్రోగ్రాము." హెల్మెట్ తీయకుండానే, ముందుకు చూస్తూనే, మొత్తం చెప్పేసింది. అటక సంగతి, పిచ్చిగీతల సంగతి, తొందరయ్య మాటలు, ఏదీ దాచలేదు. పక్కనుంచి బస్సులు పోతుంటే గొంతు పెంచి చెప్పింది. చెప్పడం అయ్యాక వెనక్కి తిరిగి చూసింది. తిడుతుందనుకుంది, కనీసం ఏడుస్తుందనుకుంది.

పెద్దకోడలు జాలిగా చూస్తోంది.

"ఎంత మంచిదానివే నువ్వు," అంది, ఆమె భుజం మీద తడుతూ. "నన్ను ఊరడించడానికి ఇంత కథ అల్లావా? అత్తయ్య ఏమైనా చెప్పిందా నీకు? ఆ మాటలు అక్కడెక్కడా అనకు. వచ్చే ఉద్యోగం పోగొట్టుకుంటావు. పద, ఆలస్యమవుతోంది."

"నిజమక్కా! ఒట్టు!"

"సరేలే, నిజమే. పద."

సరేలే అన్న ఆ గొంతు చిన్నకోడలికి తెలుసు. జ్వరంలో పలవరించేవాళ్ళతో అలా మాట్లాడతారు. నిన్నటిదాకా తను అక్కతో మాట్లాడింది కూడా సరిగ్గా ఆ గొంతుతోనే. ఆమె బండి మళ్ళీ స్టార్టు చేసింది.

యజమాని భోజనాల వేళకి ముందు వచ్చాడు. తెల్లజుట్టు, మాటకి ముందు ఒక దగ్గు. కుర్చీ వేస్తే వద్దని నిలబడ్డాడు. తొందరయ్య చిన్నకోడలి చెవిలో, "ఒకసారి సర్దు, ఒకసారి వెనక్కి. మధ్యలో ఏదీ ముట్టుకోకు," అన్నాడు.

సరిచేసిన ప్రోగ్రామూ సరిచేయని ప్రోగ్రామూ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి. ఆమె సరిచేయనిదాన్ని తెరిచింది.

"సార్, నమూనాలు గీసే మనిషి ఉంటేనే ఇది సరిగ్గా చూపించగలను. మా అక్కని పిలవాలి."

"ఆవిడెందుకు ఇప్పుడు?" అన్నాడు తొందరయ్య.

"పిలవండి, దానిదేముంది," అన్నాడు యజమాని.

పెద్దకోడలు బట్టలనిండా దారపు ముక్కలతో వచ్చి, పరాయి ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టు జంకుతూ నిలబడి, తన కుర్చీలోనే తను అంచున కూర్చుంది. చిన్నకోడలు సర్దు నొక్కింది. నమూనాలు కొత్త డిస్కుకి వెళ్ళాయి. "అక్కా, చొక్కా చెయ్యి అంగుళం పెంచు," అంది.

పెద్దకోడలు ఆమె మొహం చూసింది. ఫైలు తెరిచి, మణికట్టు వైపు గీత పట్టుకుని కిందికి లాగింది. పక్క గీతలు రెండూ సాగాయి. తర్వాత చంక వంపు దగ్గరికి వచ్చింది. అక్కడ చుక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి, పట్టుకోవడం కష్టం. మౌసు జారింది. ఆవిడ నోట్లో ఛీ అనుకుంది. మళ్ళీ పట్టుకుంది. తొందరయ్య గడియారం చూసుకున్నాడు. వంపు కుదిరింది. ఆవిడ సేవ్ చేసింది.

"సేవ్ చేశావా అక్కా?"

"చేశాను. చూశావుగా."

"చూశాను," అని చిన్నకోడలు వెనక్కి నొక్కింది. "ఇప్పుడు తెరువు."

పెద్దకోడలు తెరిచింది. పాత చెయ్యి, పాత అంకె. మూసి తెరిచింది. ఇంకోసారి మూసి తెరిచింది.

యజమాని దగ్గి, "బాగుంది. అంతా మొదటిలాగే వచ్చేసింది. ఏమీ జరగనట్టే ఉంది," అన్నాడు.

"జరిగింది సార్," అంది చిన్నకోడలు. "మా అక్క చెయ్యి పెంచింది. మీరు చూస్తుండగా పెంచింది. నా ప్రోగ్రాము దాన్ని ఆనవాలు లేకుండా చెరిపేసింది. ఆ చొక్కాలు పాడయింది ఇలాగే. ఆరోజు కూడా ఆవిడ పని ఆవిడ చేసింది. చెరిపింది నేను."

యజమాని తొందరయ్యని చూశాడు. తొందరయ్య నేలని చూశాడు.

"ఈవిడ ఇప్పుడు ఎక్కడ కూర్చుంటోంది?" అని అడిగాడు యజమాని.

"దారాల బల్ల దగ్గర సార్."

"ఇక్కడే కూర్చోనివ్వండి." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగి, "ఆ ప్రోగ్రాము ఆపెయ్యండి. మీ పర్మనెంటు విషయం తర్వాత చూద్దాం," అని, తొందరయ్యని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత చూద్దామంటే చూడరని అర్థం. ఆ అర్థం తెలియని మనిషి ఆ ఫ్యాక్టరీలో లేడు.

గదిలో ఇద్దరే మిగిలారు. పెద్దకోడలు ఇంకా తెర వంకే చూస్తోంది. చిన్నకోడలు దగ్గరికి వెళ్ళి, "అక్కా," అంది.

"తేదీ చూశావు కదే ఆరోజు," అంది పెద్దకోడలు. కోపం అప్పటికి వచ్చింది ఆవిడకి, గొంతు పెరగకుండా వచ్చింది. "నా పక్కన కూర్చుంటావు. నా చేతి అన్నం తింటావు. ఎలా గీశావక్కా అని ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని కదా. ఆ మేనేజరు సరే, బయటివాడు. నువ్వు కూడా దాన్నే నమ్మావు."

చిన్నకోడలు కళ్ళనీళ్ళు వస్తే తుడుచుకోలేదు. ఏడవమని గానీ మానమని గానీ పెద్దకోడలు అనలేదు. బట్టల మీది దారపు ముక్కలు ఒక్కొక్కటీ ఏరి చెత్తబుట్టలో వేసుకుంది. అన్నీ అయ్యాక ఫోను తీసి ఆమె ముందు పెట్టింది.

"అత్తయ్యకి చెప్పు. నేను చెప్తే నమ్మదు."

చిన్నకోడలు ఫోను స్పీకరులో పెట్టి అత్తగారికి చెప్పింది. అటకతో మొదలుపెట్టి, యజమాని అన్న మాటదాకా, ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యే మాటల్లో అంతా చెప్పింది. అత్తగారు ఊ కొడుతూ విన్నది.

"నీది వెన్నలాంటి మనసమ్మా," అంది చివరికి. "దాని తప్పు నీ మీద వేసుకుంటున్నావు. నాకు తెలుసులే. అది పక్కనే ఉందా? సరే, సరే, నిజమేనని చెప్పు దానికి. డాక్టరు రేపు సాయంత్రం రమ్మన్నాడు."

పెద్దకోడలు కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని మణికట్టు గీత పట్టుకుంది.

"కాదత్తయ్యా, పెట్టేయకండి, వినండి," అని చిన్నకోడలు మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.